నైట్రస్ కిట్టు కొనే ముందు: అదనపు పెట్రోలు ఏ దారిన వస్తుంది?

(పాలకొల్లులో మోటారు మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మేస్త్రీలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన విద్యార్థులకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. ఇక్కడ ఎవరినీ ప్రశ్నలు అడగను.

ఇంజనుకు కొద్దిసేపు అదనపు శక్తి ఇవ్వడానికి బాటిల్‌లోంచి నైట్రస్ ఆక్సైడ్ వాయువును పంపే ఏర్పాటే నైట్రస్ కిట్టు. దాని గురించి కుర్రవాళ్లు షెడ్డుకు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎన్ని హెచ్‌పీ కిట్టు పెట్టించుకోవాలండీ?" నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న: ఆ కారులో అదనపు పెట్రోలు ఏ దారిన వస్తుంది? రెండో ప్రశ్న: ఆ బాటిల్ మన ఎండలో ఎక్కడ ఉంటుంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే హెచ్‌పీ సంఖ్య దానంతట అదే తేలుతుంది. చాలాసార్లు అది కుర్రవాడు అనుకున్న దానిలో సగం కూడా ఉండదు. అందుకే ఎవరూ ఈ వరసలో అడగరు. (నవ్వులు)

నైట్రస్ ఆక్సైడ్ ఇంధనం కాదు. అగ్గిపుల్ల దగ్గర పెట్టినా దానంతట అది అంటుకోదు. ఒక్కో అణువులో రెండు నత్రజని పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. బరువులో చూస్తే 36 శాతం ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో బరువు ప్రకారం 23 శాతమే. ఇంజను లోపలి వేడికి ఆ అణువు విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. బాటిల్‌లో ద్రవంగా ఉన్నది మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లోకి, రాగానే ఒక్కసారిగా ఆవిరవుతుంది. దాని మరిగే స్థానం మైనస్ 88 డిగ్రీలు కాబట్టి, చుట్టూ ఉన్న గాలి చల్లబడి చిక్కబడుతుంది. అంటే ఇంజనుకు గాలి కూడా కాస్త ఎక్కువ అందుతుంది.

1772లో ప్రీస్ట్‌లీ ఈ వాయువును కనుక్కున్నాడు. తర్వాత ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వడానికి వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధ విమానాలు, చాలా ఎత్తున గాలి పలచబడిన చోట, దీన్ని ఇంజనులోకి పంపి శక్తి నిలబెట్టుకున్నాయి. కారు పందేల్లోకి అటు తర్వాత వచ్చింది. చరిత్ర ఇంతవరకు చాలు.

మీలో సగం మందికి రొయ్యల చెరువులు తెలుసు. ఏరియేటర్లు రెట్టింపు చేస్తే రొయ్య రెట్టింపు కాదు. మేత వేస్తేనే పెరుగుతుంది. ఎక్కువ మేత వేసిన చెరువు ఆక్సిజన్ అందక తెల్లారేసరికి తేలిపోకుండా ఉండటానికే ఏరియేటర్. నైట్రస్ చేసే పని కూడా అంతే. శక్తి వచ్చేది పెట్రోలు నుంచి. ఆ పెట్రోలు కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను నైట్రస్ తెస్తుంది. తేడా ఒక్కటే. చెరువులో ఏరియేటర్ ఎక్కువైతే కరెంటు బిల్లే పెరుగుతుంది. ఇంజనులో పెట్రోలు లేకుండా ఆక్సిజన్ ఎక్కువైతే ఇదిగో, ఇలా అవుతుంది.

ఈ పిస్టన్‌ను చేతుల మీదుగా వెనక్కి పంపించండి. కిరీటం అంచున, ఎగ్జాస్ట్ వాల్వు వైపు చూడండి. అల్యూమినియం కరిగి జారి, పై రింగు గాడి దాకా తినేసింది. రింగు అక్కడ బయటికి కనిపిస్తోంది. మిగతా పిస్టన్ అంతా కొత్తగానే ఉంది. స్కర్టు మీద, అంటే కింది పక్క గోడ మీద, గీత కూడా లేదు. అంటే ఇది ఆయిల్ లేక పట్టేసిన ఇంజను కాదు, బోరుకు వచ్చిన ఇంజనూ కాదు. నాలుగు సిలిండర్లలో ఒక్క దానికి కొన్ని సెకన్లపాటు పెట్రోలు తక్కువై, నైట్రస్ ఎక్కువైన ఫలితం. మిగతా మూడు పిస్టన్లు బాగానే ఉన్నాయి. ఆ "ఒక్క దానికి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కిట్టు ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంది.

లెక్క చూద్దాం. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. నైట్రస్ అయితే సుమారు 9.6 కిలోలు సరిపోతుంది. కాబట్టి ఎంత నైట్రస్ పంపుతామో దానికి తగిన పెట్రోలు అదే క్షణంలో, అదే సిలిండర్‌కు చేరాలి. చేర్చే పద్ధతిని బట్టి కిట్లు వేరవుతాయి.

డ్రై కిట్టులో నాజిల్ నుంచి నైట్రస్ మాత్రమే వస్తుంది. పెట్రోలు పెంచే బాధ్యత కారులో ముందే ఉన్న, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లది. వెట్ కిట్టులో ఒకే నాజిల్ నుంచి నైట్రస్, పెట్రోలు రెండూ కలిసి చిమ్ముతాయి. ప్లేటు కిట్టు కూడా వెట్ రకమే. కార్బురేటర్ కింద లేదా గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీ దగ్గర పలకలా అమర్చుతారు. డైరెక్ట్ పోర్టులో ఒక్కో సిలిండర్ దారికి ఒక్కో నాజిల్ ఉంటుంది. పైపులు వంచడం, మానిఫోల్డుకు రంధ్రాలు వేసి మరలు తీయడం చాలా పని, చాలా ఖర్చు. పెద్ద పందెం బండికి తప్ప మన ఊరి కారుకు దాని అవసరం లేదు.

ఇప్పుడు మన షెడ్లకు వచ్చే రెండు బండ్లు తీసుకుందాం. ఒకటి పాత మారుతి 800, కార్బురేటర్ ఇంజను, 796 సీసీ, 37 హెచ్‌పీ. దాని మానిఫోల్డు పెట్రోలు తడిని మోయడానికే తయారైంది. కార్బురేటర్ నుంచి వచ్చే పెట్రోలు ఆ దారిలోనే మూడు సిలిండర్లకూ వెళుతోంది. అందులో చిన్న వెట్ కిట్టు పెడితే పెట్రోలు ఎక్కడా నిలబడదు. డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, వెనక్కి జరుపుకోవచ్చు. ప్రయోగానికి ఇంత ఓర్పుగల ఇంజను ఇంకోటి లేదు. పాడైనా రీబోరింగ్ ఖర్చు భరించగలం.

రెండోది స్విఫ్ట్‌లో వచ్చిన 1.2 లీటర్ల కే-సిరీస్ ఇంజను, సుమారు 83 హెచ్‌పీ. దీని మానిఫోల్డు ప్లాస్టిక్‌ది, గాలి కోసమే చేసినది. ఇంజెక్టర్లు వాల్వు పక్కనే చిమ్ముతాయి కాబట్టి ఆ వంపుల్లోకి పెట్రోలు ఎప్పుడూ రాదు. అక్కడ థ్రాటిల్ దగ్గర వెట్ నాజిల్ పెడితే గాలి వంపు తిరుగుతుంది, బరువైన పెట్రోలు బిందువులు తిరగవు. కొంత గోడకు అంటుకుంటుంది, కొంత అడుగున గుంట కడుతుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఒక సిలిండర్‌కు తక్కువ చేరుతుంది. చేతులు మారుతున్న ఆ పిస్టన్ ఇలా తయారైందే. ఇక అడుగున చేరిన పెట్రోలుకు ఒక్కసారి మంట వెనక్కి తన్నిందంటే మానిఫోల్డు ముక్కలవుతుంది.

కాబట్టి ఇలాంటి ఇంజనుకు డ్రై కిట్టు మేలు. కాకపోతే షరతు ఉంది. ఇంజెక్టర్లకు ఇంకా పోయగల శక్తి మిగిలి ఉండాలి, ట్యాంకులో పంపు అంత పెట్రోలు తోయగలగాలి, ఇంజనును నడిపే కంప్యూటరుకు, అంటే ఇసియుకు, నైట్రస్ వచ్చిన సంగతి చెప్పే ఏర్పాటు ఉండాలి. ఈ మూడోది అందరూ మరిచిపోతారు. ఇసియు మానిఫోల్డులో పీడనం చూసి పెట్రోలు లెక్క వేస్తుంది. నైట్రస్ వచ్చినట్టు దానికి తెలియదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ సరిదిద్దుతుందిలే అనుకోవద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మామూలు కార్లలో ఇసియు ఆ సెన్సార్ మాట వినడం మానేసి, తన దగ్గర ఉన్న పట్టిక ప్రకారం పోతుంది. నైట్రస్ వాడేది సరిగ్గా ఆ సమయంలోనే. అందుచేత మార్చుకోగలిగిన ఇసియు గానీ, ఇంజెక్టర్ సమయం పెంచే అదనపు పెట్టె గానీ లేకుండా డ్రై కిట్టు అమ్మేవాడు మీకు సగం కిట్టే అమ్ముతున్నాడు.

ఇక జెట్లు, అంటే ఎంత నైట్రస్, ఎంత పెట్రోలు వెళ్లాలో కొలిచే రంధ్రమున్న ముక్కలు. ఈ ఇత్తడి ముక్కను చూడండి, చొక్కా బొత్తామంత కూడా లేదు. దీని మీద 24 అని చెక్కి ఉంది. అంటే మధ్య రంధ్రం అంగుళంలో వెయ్యింట 24 వంతులు, మన లెక్కలో 0.6 మిల్లీమీటర్లు. పక్కది 28. కంటికి తేడా తెలియదు. కానీ ప్రవాహం రంధ్రం వైశాల్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి 24 తీసి 28 పెడితే 36 శాతం ఎక్కువ వెళుతుంది. నైట్రస్ జెట్టు పెట్రోలు వైపు, పెట్రోలు జెట్టు నైట్రస్ వైపు బిగించిన పని నేను చూశాను. బిగించినవాడు అనుభవం లేనివాడేమీ కాదు, లైటు సరిగా లేని చోట పని చేశాడు. బిగించే ముందు సంఖ్య పైకి చదవండి, పక్కన ఉన్న కుర్రవాడి చేత కూడా చదివించండి.

కిట్టుతో వచ్చే జెట్ల పట్టికను కళ్లు మూసుకుని నమ్మకండి. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అలాంటి పెట్రోలు కిలోకు గాలి 14.7 కిలోలు అక్కర్లేదు, సుమారు 13.5 సరిపోతుంది. ఇంకోలా చెప్పాలంటే, అదే గాలికి ఎక్కువ పెట్రోలు పోయాలి. మామూలు పెట్రోలుకు రాసిన పట్టిక ప్రకారం వెట్ కిట్టు బిగిస్తే మీరు మొదటి రోజే లీన్‌లో, అంటే పెట్రోలు తక్కువైన స్థితిలో, నడుపుతున్నట్టు. పెట్రోలు జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు చూసి తగ్గించుకోండి. ఇథనాల్ వల్ల నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం, కాస్త తగ్గడం మనకు కలిసివచ్చే సంగతి.

బాటిల్ విషయానికి వస్తాను. ఈ కిట్లు చల్లని దేశాల్లో తయారవుతాయి. అందుకే పెట్టెలో బాటిల్‌కు చుట్టే హీటరు పెట్టి అమ్ముతారు. నైట్రస్ 20 డిగ్రీల దగ్గర సుమారు 50 బార్ల పీడనంలో ఉంటుంది. కిట్లు కోరేది 62 నుంచి 69 బార్లు. ఆ పీడనం 30 డిగ్రీలకు కాస్త అటూఇటూగా వస్తుంది. అంటే సంవత్సరంలో చాలా నెలలు మన నీడపట్టు వేడే సరిపోతుంది. హీటరు డబ్బు మిగిల్చి మంచి పీడనం గేజి కొనండి.

అసలు బాధ ఏప్రిల్, మే నెలలది. నైట్రస్ కీలక ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. అది దాటితే లోపల ద్రవం, ఆవిరి అన్న తేడా ఉండదు. ఎంత ఒత్తినా ద్రవంగా మారదు. రోహిణి కార్తెలో రాజమండ్రిలో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ నీడలోనే 40 దాటుతుంది. ఇక ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పాలా? ద్రవం కోసం లెక్కకట్టిన జెట్టులోంచి అప్పుడు ఏమి వస్తోందో ఏ పట్టికా చెప్పదు. పీడనం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నిండా నింపిన బాటిల్‌లో అది మరీ వేగంగా పెరుగుతుంది. అందుకే బాటిల్‌కు పగిలే రక్షణ బిళ్ల ఉంటుంది. ఆ బిళ్ల తెగితే వాయువు కారు లోపలికి కాకుండా బయటికి పోయేలా గొట్టం వేయాలి. ఇది లేని కిట్టు ఎంత చవకైనా కొనవద్దు. అద్దాలు ఎత్తి ఉన్న కారులో నైట్రస్ నిండితే పీల్చడానికి గాలి ఉండదు.

సంక్రాంతికి తెల్లవారుజామున 18 డిగ్రీల చలిలో సరిగ్గా కుదిరిన జెట్టు మేలో లీన్ అవుతుంది. మేలో కుదిరినది సంక్రాంతికి నల్లపొగ కక్కుతుంది. జెట్టు అదే, పీడనం వేరు. కాబట్టి రెండు కాలాలకు రెండు జతలు ఉంచుకోవాలి. మేలో బాటిల్‌ను బండిలోంచి విప్పి ఇంట్లో నీడలో పెట్టి, అవసరమైనప్పుడే బిగించుకోవడం ఇంకా తెలివైన పని. బిగించేటప్పుడు లోపలి గొట్టం ద్రవంలో మునిగి ఉండేలా, తయారీదారు చెప్పిన వాలులోనే బిగించండి. వాలు తప్పితే గొట్టం ద్రవానికి బదులు ఆవిరిని పీలుస్తుంది.

ఇప్పుడు హెచ్‌పీ. నైట్రస్ జెట్టుకు ఇంజను వేగంతో సంబంధం లేదు, ఏ వేగంలోనైనా సెకనుకు అంతే పోస్తుంది. 25 హెచ్‌పీ జెట్టు అనుకోండి. ఇంజను 5000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే అది సుమారు 36 న్యూటన్ మీటర్ల టార్కు కలుపుతుంది. అదే జెట్టును 2500లో నొక్కితే 71 కలుపుతుంది. ఆ స్విఫ్ట్ ఇంజను తనంతట తాను ఇచ్చేది సుమారు 113. మూడింట రెండు వంతులకు దగ్గరగా అదనపు దెబ్బ, అదీ ఇంజను నెమ్మదిగా తిరుగుతూ పిస్టన్ సిలిండర్ పై కొసన ఎక్కువసేపు ఉన్నప్పుడు. కనెక్టింగ్ రాడ్లు వంగేది ఇక్కడే. కుర్రవాళ్లు "చిన్న జెట్టేగా" అంటారు. చిన్న జెట్టును తప్పు వేగంలో నొక్కితే పెద్ద జెట్టు కన్నా ఎక్కువ నాశనం చేస్తుంది.

అందుచేత స్టీరింగ్ మీద బొత్తాం పెట్టి వేలితో నొక్కే ఏర్పాటు నాకు నచ్చదు. సినిమాల్లో బాగుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడే కలిసే స్విచ్చు కావాలి. ఇంజను 3000 దాటాకే తెరిచి, పైన వేగపరిమితికి ముందే మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చు కావాలి. పరిమితి తగలగానే ఇసియు పెట్రోలు ఆపేస్తుంది, నైట్రస్ ఆగదు. ఆ తర్వాత ఏమవుతుందో మీ చేతుల్లోనే ఉంది, పిస్టన్ ఎవరి దగ్గరుందో! (నవ్వులు) వెట్ కిట్టు అయితే పెట్రోలు పీడనం పడిపోగానే నైట్రస్‌ను కూడా ఆపే స్విచ్చు తప్పనిసరి. ఈ మూడు స్విచ్చుల ఖర్చు చూసి వెనక్కి తగ్గేవారు కిట్టు కూడా కొనకపోవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్న 1.2 లీటర్ల ఇంజనుకు లోపల ఏమీ మార్చకుండా 25 హెచ్‌పీ దగ్గర ఆగమని నా సలహా. మారుతి 800కు అందులో సగం. ముందు కంప్రెషన్ పరీక్ష చేయండి. ఒక సిలిండర్ బలహీనంగా ఉందంటే కిట్టు మాట పక్కన పెట్టండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం వేయాలి, గ్యాపు కాస్త తగ్గించాలి. టైమింగ్ ప్రతి 50 హెచ్‌పీకి సుమారు 2 డిగ్రీలు వెనక్కి అన్నది పాత లెక్క, మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఒక్క పరుగు తర్వాత ఇంజను ఆపి ప్లగ్గు తీసి, భూతద్దంతో తెల్ల పింగాణీ మీద చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాకింగ్. మెరిసే సన్నని పూసలు కనిపిస్తే అవి పిస్టన్ అల్యూమినియం. అప్పుడు రెండో పరుగు లేదు.

చట్టం గురించి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీదారు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రోడ్డు మీద పందేలకు 189వ సెక్షన్ వేరే ఉంది. బాటిల్‌కు 2016 గ్యాస్ సిలిండర్ల నియమాలు వర్తిస్తాయి. కాబట్టి ఈ కిట్టు ట్రాకు బండికి, ట్రెయిలర్ మీద తీసుకెళ్లే బండికి. మన చుట్టుపక్కల ట్రాకు లేదు. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉంది. 216 జాతీయ రహదారి ట్రాకు కాదు. కాలువ గట్టు అసలే కాదు. ఒక పక్క కాలువ, ఒక పక్క చెరువు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. ఆ గట్టు మీద ఉన్న 83 హెచ్‌పీయే ఎక్కువ.

ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: మాస్టారూ, డీజిల్ బండికి పెట్టవచ్చా?)

పెట్టవచ్చు, పైగా అక్కడ పని తేలిక. డీజిల్ ఇంజను ఎప్పుడూ గాలి ఎక్కువగానే పీలుస్తుంది కాబట్టి, పెట్రోలు ఇంజనులో లాగా లీన్ అయి పిస్టన్ కరిగే భయం అంతగా లేదు. అదనపు ఇంధనం నాజిల్ అక్కర్లేదు. కానీ కాలకుండా మిగిలే డీజిల్ ఉంటేనే నైట్రస్‌కు పని. నల్లపొగ వదిలేలా పంపు పెంచిన బండికి లాభం కనిపిస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన స్థితిలో శుభ్రంగా నడిచే బండికి కనిపించేది తక్కువ.

(ఒక మేస్త్రీ: గురువుగారూ, బాటిల్ ఖాళీ అయితే ఆసుపత్రికి ఇచ్చే గ్యాసు ఏజెంటు దగ్గర నింపించుకోవచ్చని మా కుర్రాడు అంటున్నాడండి.)

ఒప్పుకోవద్దండి. అది మందు కింద లెక్క, ఆసుపత్రి పేరున వెళ్లాల్సిన సరుకు. బండ్ల కోసం అమ్మే నైట్రస్‌లో, ఎవరూ పీల్చకుండా ఉండాలని కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. ఆసుపత్రిదానిలో అది ఉండదు. షెడ్డులో అలాంటి బాటిల్ ఉంటే సరదాకు పీల్చి చూసే కుర్రవాడు ఒకడు తయారవుతాడు. పీల్చడం అలవాటైతే బీ12 విటమిన్ పనిచేయకుండా పోయి నరాలు దెబ్బతింటాయి. ఇంకో సంగతి. పెద్ద సిలిండర్ నుంచి చిన్న బాటిల్‌లోకి షెడ్డులో ఎక్కించుకుందామని కూడా అంటారు. తూకం లేకుండా ఎక్కిస్తే ఎంత నిండిందో తెలియదు. నాలుగున్నర కిలోల బాటిల్ 50 హెచ్‌పీ జెట్టుతో మొత్తం నాలుగు నిమిషాలు వస్తుంది, అంతే. ఆ నాలుగు నిమిషాల కోసం మేలో నిండా కుక్కిన బాటిల్‌ను షెడ్డులో పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. లైసెన్సు ఉన్న చోట తూకం వేయించి నింపించండి. అలాంటి చోటు అందుబాటులో లేకపోతే కిట్టు కొనవద్దు. ఈ ప్రశ్న కిట్టు కొన్నాక కాదు, డబ్బు కట్టే ముందు అడగాల్సింది.

(ఇంకో విద్యార్థి: సీఎన్‌జీ కారుకు?)

వద్దు బాబూ. డ్రై కిట్టుకు అదనపు గ్యాసు పోయాలంటే రెగ్యులేటరు, గ్యాసు ఇంజెక్టర్లు రెండూ చాలవు. డిక్కీలో ఇప్పటికే ఒక పెద్ద సిలిండర్ ఉంది. దాని పక్కన రెండోది పెట్టకు. పిస్టన్ ఎవరి దగ్గర ఆగిందో ఇటు పంపించండి.